నోరు దాటని అంకె

పురుషుల మట్టి కోర్టు టెన్నిస్ టోర్నీ మొదలయ్యే ముందు నాలుగు రోజులూ నా గది చుట్టూ తిరిగే పెద్దమనుషులు ఒకరూ ఇద్దరూ కాదు. నాది గట్టింగ్ పని. అంటే రాకెట్‌లో పాత తీగలు కోసేసి కొత్తవి బిగించడం. స్టేడియం మెట్ల కింద ఒక కిటికీ, ఒక బల్ల, ఒక మిషను ఉన్న గదిలో పద్నాలుగేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఆడదానికి గట్టింగ్ ఏం చేతనవుతుంది అన్నవాళ్లే ఇప్పుడు నా కిటికీ ముందు వరసలో నిలబడుతున్నారు. నిలబడనివ్వండి, కాళ్లు నొప్పి పుడితే నాకేం?

ప్రతి ఆటగాడూ రాకెట్‌తో పాటు ఒక అంకె రాసి ఇస్తాడు. తీగను ఎన్ని కిలోల బిగువుతో లాగాలో చెప్పే అంకె అది. బిగువు ఎక్కువైతే బంతి చెప్పిన చోటికే పోతుంది గానీ చెయ్యి అరిగిపోతుంది. తక్కువైతే బంతి తేలిగ్గా ఎగురుతుంది, చేతికి శ్రమ ఉండదు. మట్టి కోర్టుకి వచ్చేసరికి అందరూ ఒక కిలో తగ్గిస్తారు, అది మామూలే. అలా కాక ఒకేసారి మూడు కిలోలు తగ్గించమన్నాడంటే మాత్రం, మనిషి బయట ఎంత నవ్వుతూ ఫొటోలు దిగుతున్నా, భుజమో మోచెయ్యో మూలుగుతున్నట్టే లెక్క. డాక్టరు కంటే ముందు నాకు తెలిసిపోతుంది. తెలిసింది నా నోరు దాటదు. ఈ పనికి ఉన్న నియమం అదొక్కటే.

శనివారం పొద్దున జోస్యంగారు వచ్చారు. పత్రికలో ఆటల పేజీ రాసే పెద్దాయన. ఎవడు గెలుస్తాడో, ఎవడు ఎన్ని నిమిషాల్లో ఇంటిదారి పడతాడో టోర్నీ మొదలవకముందే ప్రివ్యూలో రాసేస్తారు కాబట్టి అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. ఆయనకీ ఆ పిలుపు ఇష్టమే.

"అమ్మాయ్, ఎవరితో ఎవరు ఆడాలో డ్రా తీశారు, చూశావా? మొదటి రౌండ్లోనే మీ ఆయనకి ఛాంపియన్ తగిలాడు" అన్నారు, అడక్కుండానే కుర్చీ లాక్కుని.

"ఛాంపియన్‌కే మా ఆయన తగిలాడని ఎందుకనుకోకూడదు?"

ఆయన పకపకా నవ్వారు. మా ఆయనకి ముప్ఫై అయిదేళ్లు. నేరుగా టోర్నీలో చోటిచ్చే ర్యాంకు ఎప్పుడో చేజారింది. క్వాలిఫయింగ్‌లో మూడు మ్యాచ్‌లు గెలిచి, చెమటోడ్చి ఇక్కడిదాకా వచ్చాడు. మొదటి రౌండ్ దాటకపోతే ఇక ఆట మానేస్తానని నాకు మాటిచ్చాడు. నేనడగలేదు, తనే ఇచ్చాడు. ఒక బళ్లో పిల్లలకి ఆట నేర్పే ఉద్యోగం ఉంది, అందులో చేరిపోతాడట. మంచి ఉద్యోగమే. కానీ ఆ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఓడిపోతే ఓడిపోనీ, ఎవడో పొమ్మన్నట్టు పోవడమేమిటి?

"అది సరేగానీ" అంటూ జోస్యంగారు గొంతు తగ్గించారు. "ఛాంపియన్ రాకెట్లు నీ దగ్గరే కదా ఉన్నాయి. ఈసారి ఎంతకి కట్టమన్నాడు? భుజం బాగోలేదని ఏవో గుసగుసలు వినిపిస్తున్నాయి. ఎవరు చెప్పారన్నది రాయనులే."

ఛాంపియన్ రాకెట్లు ఆరూ నా వెనకాలే ఉన్నాయి. పోయినేడు ఇరవై ఆరు కిలోలు. ఈ ఏడు ఇరవై మూడు.

"మీరు ప్రివ్యూ రాయడానికొచ్చారా, దొంగతనానికొచ్చారా?"

"అబ్బో! ఇదేమన్నా దేశ రహస్యమా?"

"దేశానిదైతే చెప్పేదాన్నేమో. ఇది నా బల్ల మీదిది."

"పిచ్చిదానా, నీ మంచికే అడుగుతున్నా. వాడి ఒంట్లో బాగోలేదని రాస్తే లాభం ఎవరికి? మీ ఆయనకే కదా! అది లేకపోతే మీ ఆయన గురించి రాయడానికి నా దగ్గరేముంది చెప్పు?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగించి లోపలికి నెట్టేశాను.

"ఇది రాసుకోండి" అన్నాను. "రెండు గంటల లోపు మా ఆయన కోర్టు దిగడు. దిగితే ఈ మిషను నెత్తిన పెట్టుకుని మీ ఆఫీసుకి తెచ్చి ఇచ్చేస్తా."

ఆదివారం ప్రివ్యూ వచ్చింది. సగం పేజీ ఛాంపియన్ ఫొటోకే పోయింది. మిగతా సగంలో ఎవరి సర్వీసు ఎలాంటిదో, మట్టి మీద ఎవరు బాగా జారి ఆడతారో, సెమీస్‌కి ఎవరెవరు చేరతారో అంతా ఉంది. మా ఆయన వంతుకి వచ్చింది రెండు వాక్యాలు. "తొలి రౌండ్ ఛాంపియన్‌కు నల్లేరుపై నడకే. యాభై నిమిషాల్లో ముగుస్తుంది కనుక ప్రేక్షకులు ఆలస్యం చేయకుండా వస్తే మంచిది." ఆ కిందే నా మీద చురక: "ప్రత్యర్థి శ్రీమతి మాత్రం రెండు గంటలంటున్నారు. మొగుడి మీద ప్రేమ అలాంటిది మరి!"

నేను నోరు విప్పి ఉంటే ఆ వాక్యాలు ఇంకోలా ఉండేవి. అది తలుచుకుంటే ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు. ఆ వెనకే మంట పుట్టుకొచ్చింది. మట్టి కోర్టు రాకెట్ల నుంచి రాలిన ఎర్ర దుమ్ము మిషను కింద వేలెడు మందాన పేరుకుని ఉంది. ఆ పేజీ చించి నాలుగు మడతలు పెట్టి శుభ్రంగా తుడిచాను.

ఇంటికెళ్లేసరికి మా ఆయన వంటింట్లో కూర్చుని బూట్ల అడుగున మట్టి గీకుతున్నాడు. పేపరు చదివాడని మొహం చూస్తేనే తెలిసింది.

"యాభై నిమిషాలట" అన్నాడు.

"ఆయన మొహం!"

కాసేపు గీకి, తలెత్తకుండానే అడిగాడు. "ఛాంపియన్‌వి ఎంతకి కట్టావ్?"

పదకొండేళ్ల కాపురంలో ఎప్పుడూ అడగని మాట. గరిటె గిన్నెలో వదిలేసి వెనక్కి తిరిగాను.

"ఏమన్నావ్?"

"విన్నావ్‌గా. అందరూ భుజం అంటున్నారు. నిజమైతే మొదటి గేము నుంచీ బంతులన్నీ భుజం కంటే ఎత్తుకి లేపి ఆడతా. అబద్ధమైతే అవే బంతుల్ని చితకబాది నన్ను ఇంటికి పంపిస్తాడు. ఒక్క అంకె చెప్పు. ఇది నా ఆఖరి మ్యాచ్ కావచ్చు."

"చెప్పను."

"నేను నీ మొగుణ్ణే!"

"ఆ గదిలో నాకు మొగుళ్లు లేరు. ఆటగాళ్లే ఉన్నారు."

"అయితే నాకంటే వాడే ఎక్కువా?"

"ఎవడూ ఎక్కువ కాదు, ఎవడూ తక్కువ కాదు. అడిగినందుకు సిగ్గుపడు, అడిగింది నేను మర్చిపోతా."

బూట్లు చేతిలో పట్టుకునే బయటికి నడిచాడు. తలుపు ఎంత విసురుగా వేశాడంటే గోడకున్న క్యాలెండరు కిందపడింది. రెండు రోజుల పాటు మా మధ్య ఉప్పు అందించు, తువ్వాలు ఇటివ్వు తప్ప వేరే మాటల్లేవు.

మంగళవారం మధ్యాహ్నం మ్యాచ్. నా గదిలోంచి కోర్టు కనపడదు, గోడ మీద స్పీకరులో స్కోరు మాత్రం వినిపిస్తుంది. మొదటి సెట్ ముప్ఫై ఒక్క నిమిషాల్లో పోయింది, రెండే గేములు వచ్చాయి. జోస్యంగారు పనిగట్టుకుని నా కిటికీ ముందు నుంచి వెళ్తూ వాచీ చూసుకున్నారు. నా చేతిలో కత్తెర ఉంది, అయినా ఊరుకున్నాను.

రెండో సెట్‌కి జనం గోల మారింది. ఒక్కో పాయింటు ఎంతకీ తెగడం లేదు. మా ఆయన దగ్గర పెద్ద సర్వీసు లేదు, మెరుపు షాట్లు లేవు. ఎక్కడ వేసినా జారుకుంటూ వెళ్లి తిరిగి పంపడమే తెలుసు. టైబ్రేకర్‌లో ఆ సెట్ లాక్కున్నాడు. బల్ల మీద గుద్దేసరికి తీగల చుట్టలన్నీ దొర్లి కిందపడ్డాయి.

మూడో సెట్ మూడు-మూడు మీద ఉండగా ఒక వాలంటీరమ్మ పరుగెత్తుకొచ్చింది. చేతిలో ఛాంపియన్ రాకెట్.

"అక్కా, అర్జెంటు. కోర్టులోకే కావాలట. ఇరవై ఒకటి."

ఇరవై మూడు నుంచి ఇరవై ఒకటి. అంటే ఆ భుజం ఇక లేవడం లేదు.

చెప్పేస్తున్నాను, దాచను. మిషను మీద ఇరవై అయిదు నొక్కాను. నాలుగు కిలోలు పెంచితే చాలు, మూడు గేముల్లో ఆ చెయ్యి వేలాడిపోతుంది. వాలంటీరమ్మ తలుపు దగ్గర నిలబడి స్కోరు వింటోంది. ఎవరూ చూడరు, ఎవరికీ తెలియదు. మా ఆయన గెలుస్తాడు, ఆట మానడు, జోస్యంగారి నోరు మూతపడుతుంది. మొదటి తీగ కూడా దూర్చాను.

అప్పుడు నాకు పట్టరాని కోపం వచ్చింది. జోస్యంగారి మీద కాదు, నా మీద. అక్కడ నా మొగుడు ఒక్కో బంతికీ ప్రాణం పెట్టి పరుగెత్తుతుంటే, నేనిక్కడ కుర్చీలో కూర్చుని అతనికి గెలుపు దొంగిలించి పెట్టడమా? తన కాళ్ల మీద తను గెలవలేడని ఆ పేపరులో రాసినదాని కింద నేనే సంతకం పెట్టినట్టు కాదూ?

తీగ బయటికి లాగేశాను. ఇరవై ఒకటి నొక్కాను. నిలువు తీగలు, అడ్డం తీగలు, ముడులు, అన్నీ పదిహేను నిమిషాల్లో పూర్తిచేశాను. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ కట్టలేదు. "తీసుకెళ్లు, పరుగెత్తు" అని వాలంటీరమ్మ మీద అరిచాను.

ఏడు-అయిదు. ఛాంపియనే గెలిచాడు. రెండు గంటల నలభై ఎనిమిది నిమిషాలు పట్టింది. జనం చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

జోస్యంగారు కిటికీ దగ్గరికి వచ్చి కళ్లజోడు తుడుచుకుంటూ నిలబడ్డారు.

"గెలిచింది ఛాంపియనే కదమ్మా" అన్నారు, నసుగుతూ.

"మీ యాభై నిమిషాలకి ఇంకో నూట పద్దెనిమిది తోడయ్యాయి. అది కూడా రాయండి. చోటు చాలకపోతే ఫొటో చిన్నది చేసుకోండి" అని కిటికీ మూసేశాను.

కాసేపటికి మా ఆయన వచ్చాడు. మోకాళ్ల దాకా ఎర్ర మట్టి. రాకెట్ల బ్యాగు పక్కన పడేసి నేల మీద చతికిలబడ్డాడు.

"చివర్లో తెచ్చుకున్న రాకెట్ నువ్వే కట్టావ్."

"నేనే."

"బ్రహ్మాండంగా కట్టావ్. దాంతోనే గెలిచాడు." గోడకి తల ఆనించాడు. "చివరి గేములో చూశాను, చెయ్యి పైకి లేవట్లేదు వాడికి. ముందే తెలిసుంటే గెలిచేవాణ్ణి."

"గెలిచేవాడివి" అన్నాను. ఇక ఆగలేదు, బల్ల మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాను. "తిట్టు. ఎంత తిట్టినా సరే, మళ్లీ అడిగినా చెప్పేదాన్ని కాదు."

అతను తిట్టలేదు. బ్యాగు దగ్గరికి లాక్కుని జిప్పు తీశాడు.

"మూడేళ్ల కింద నావి ఇరవై అయిదుకి కట్టేదానివి" అన్నాడు మెల్లిగా. "ఇప్పుడు ఇరవై రెండు. తీగ మారిందనీ బంతులు బరువనీ నీకు కథలు చెప్పి ఏటా ఒక కిలో తగ్గించుకుంటూ వచ్చా."

నేను ముక్కు చీదుకున్నాను.

"నా మోచెయ్యి సంగతి నీకు మొదటి ఏడే తెలుసు కదూ?"

కిందపడ్డ తీగల చుట్టలు ఏరడం మొదలుపెట్టాను.

"ఇంకెన్నాళ్లు పని చేస్తుంది? నాది నాకు చెప్పడానికేం?"

"నీకసలే చెప్పను" అన్నాను. "అంకె నువ్విస్తావు, నేను కడతాను. అంతవరకే."

లేచి, బ్యాగులోంచి ఒక రాకెట్ తీసి నా ముందు పెట్టాడు.

"అయితే ఇంకో కిలో తగ్గించి కట్టు. సోమవారం పక్క ఊళ్లో క్వాలిఫయింగ్ ఉంది."

"మొదటి రౌండ్ దాటకపోతే మానేస్తానని మాటిచ్చావ్."

"ఆ మాట ఎవరికైనా చెప్పావా?"

"నేనెప్పుడైనా ఎవరికైనా ఏమైనా చెప్పానా?" అన్నాను, కత్తెర అందుకుంటూ.