బల్ల మీద బర్మా కొండ

ఇస్సాకుకి తల ప్రాణం తోకకొచ్చింది. బర్మా యుద్ధంలో అసలు కొండ ఎక్కడానికి ఒక్క పూట పట్టింది. బందరులో, తన ఇంటి వసారాలో, బల్ల మీద మూరెడెత్తు కొండ కట్టడానికి మూడు నెలలైనా చాలడం లేదు.

మొదటిది ఎండుచేపల నాంచారయ్య మోసుకొచ్చిన సముద్రపు ఇసకతో కట్టాడు. తడి ఆరగానే అది జారిపోయి బల్లంతా పరుచుకుంది. రెండోది తవుడులో గంజి కలిపి కట్టాడు. ఆదివారం గుడికెళ్ళి వచ్చేసరికి పక్కింటి కోళ్ళు సగం కొండ తినేసి మిగతా సగం మీద నిలబడి ఉన్నాయి. మూడోది మాత్రం కొండలాగే వచ్చింది. పాత పేపర్లు ఉండలు చుట్టి, గోనెపట్టా గంజిలో ముంచి వాటి మీద కప్పి, మడతలు మడతలుగా లోయలు తీశాడు. పల్చగా మట్టి పూశాడు. అద్దకం వాళ్ళు పారబోసే రంగునీళ్ళలో రంపపు పొట్టు నానబెట్టి అడవి చల్లాడు. సరుగుడు రెమ్మలు గుచ్చి చెట్లన్నాడు. గోనెపట్టా భార్య రూతుది, గంజి కూడా ఆవిడదే. చీరలకి పెట్టుకునే గంజి కొండకి పెట్టాడని ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ మూడో కొండని ఈ శనివారం నాంచారయ్య శుభ్రంగా అలికేశాడు.

"బీటలిచ్చిందండీ హవల్దారు గారూ! మీరు బడిలో పిల్లలకి డ్రిల్లు చెప్పి వచ్చేలోగా కాస్త బంకమట్టి కలిపి మెత్తేశాను. ఎంత నున్నగా వచ్చిందో చూడండి!" అన్నాడు చేతులు కడుక్కుంటూ.

నున్నగానే వచ్చింది, పాలకాయతిప్ప దగ్గర ఇసక దిబ్బలాగా. ఇస్సాకుకి ఒళ్ళు మండిపోయింది.

"అవి బీటలు కావయ్యా, లోయలు! నేను కావాలని తీసినవి!"

"బీట కనపడితే మెత్తకుండా ఎట్టా ఉంటామండీ?"

అతన్ని అని ఏం లాభం? ఎండాకాలం నేల నోరు తెరిచే ఊళ్ళవాళ్ళు. గోడకైనా, అరుక్కైనా, గాదెకైనా బీట కనపడితే చాలు, చెయ్యి దానంతటదే మట్టి కోసం వెళుతుంది. కొండకీ అదే మర్యాద జరిగింది. పైగా నాంచారయ్య గుడివాడ దాటి ఎరగడు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క కొండ చూసినవాడు కాదు.

అసలు గొడవంతా అక్కడే ఉంది. నాంచారయ్య తమ్ముడు వెంకటపతీ, ఇస్సాకూ ఒకే పటాలంలో పనిచేశారు. పన్నెండేళ్ళ కిందట, నలభై నాలుగులో, ఆ కొండ మీదికి పదిమందిని నడిపించినవాడు ఇస్సాకు. పైకి చేరాక లెక్కపెడితే తొమ్మిదిమందే ఉన్నారు. పైనుంచి ఎంత వెతికినా వెంకటపతి కనపడలేదు. ఇంతలో అవతలి వైపు దిగమని హుకుం వచ్చింది, దిగారు. మర్నాడు ఒక లోయ మడతలో శవం దొరికింది. గుండు తగిలాక చాలాసేపు బతికే ఉన్నాడన్నారు.

ఈ సంగతి ఇస్సాకు నెత్తీ నోరూ కొట్టుకుని ఎన్నిసార్లు చెప్పినా నాంచారయ్య అడిగేది ఒకటే. "మీరు పైన ఉన్నారు గదండీ, కిందున్న మావాడు కనపడకపోవటమేంటండీ?" వాళ్ళ ఊళ్ళో దిబ్బెక్కితే రెండు మైళ్ళ అవతల నడిచే మనిషి కనపడతాడు మరి. ఇంటి దగ్గర వాళ్ళమ్మ సుబ్బాయమ్మ, ఇస్సాకు చూస్తూ చూస్తూ తన కొడుకుని వదిలేశాడని పన్నెండేళ్ళుగా తిడుతూనే ఉంది. ఆవిడ మొహం చూడలేక ఇస్సాకు ఆ ఊరున్న దివిసీమ వైపు వెళ్ళడమే మానేశాడు. ఆ నింద ఒక్కటి పోతే చాలు, ఇంకేమీ అక్కర్లేదతనికి.

అందుకే ఈ కొండ. పటాలంలో దొరగారు ఇసక బల్ల మీద పోరు నేర్పినట్టు, కొండంటే ఏమిటో తనూ ఆటలో నేర్పుదామనుకున్నాడు. అరగదీసిన తెల్ల చింతపిక్కలు మనవాళ్ళు, నల్లవి జపానువాళ్ళు. నాలుగు గవ్వలు విసిరితే ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గుళ్ళు తగిలినట్టు. ఎండుచేపలు అమ్ముకోవడానికి ప్రతి శనివారం బందరొచ్చే నాంచారయ్య, గంప దింపి బల్ల ముందు కూర్చుంటాడు. ఆట బాగానే ఒంటబట్టింది, ఎప్పుడూ అతనే గెలుస్తాడు. సంగతి మాత్రం ఒంటబట్టలేదు.

"ఈ పీడ ఎప్పటికి వదులుతుంది దేవుడా!" అంటూ రూతు వసారాలోకి వచ్చింది. "చింతపిక్కల పిండి ఉడకేసి జిగురు చేసిస్తాను. రాయిలా బిగుసుకుంటుంది. ఇంకోసారి నా గంజి జోలికొస్తే ఇద్దరికీ కూడు పెట్టను."

ఆ జిగురుతో వారమంతా కూర్చుని నాలుగో కొండ కట్టాడు ఇస్సాకు. గోరుతో గీకినా గీత పడనంత గట్టిగా వచ్చింది. శనివారం నాంచారయ్య రాగానే, "ముందు చేతులు వెనక్కి పెట్టుకో," అన్నాడు. లోయ మడతలో ఒక తెల్లపిక్క, శిఖరం మీద ఒకటి పెట్టాడు. "ఇప్పుడు వంగి, ఈ పైపిక్క పక్కన కన్ను పెట్టి చూడు. నీ తమ్ముడు కనపడుతున్నాడా?"

నాంచారయ్య గడ్డం కొండకి ఆనించి చూశాడు. అటు జరిగి చూశాడు, ఇటు జరిగి చూశాడు. ఆటలో ఓడిపోతున్నవాడిలా మొహం పెట్టాడు.

"లేదండీ. గట్టు అడ్డమొస్తాంది."

"హమ్మయ్య!" ఇస్సాకుకి లేచి గంతెయ్యాలనిపించింది. "అదయ్యా నేను పన్నెండేళ్ళుగా మొత్తుకునేది! వెళ్ళి మీ అమ్మతో చెప్పు!"

నాంచారయ్య లేచి బల్ల చుట్టూ తిరిగొచ్చి, లోయలో ఉన్న పిక్క దగ్గర కన్ను పెట్టాడు.

"హవల్దారు గారూ, అయితే వాడికీ మీరు కనపళ్ళేదు."

ఇన్నేళ్ళలో అటునుంచి ఒక్కసారీ చూడలేదు ఇస్సాకు. వంగి తనూ కన్ను పెట్టాడు. మట్టిగోడ, పైన కాస్త వసారా కప్పు, అంతే.

"ఎవరూ లేరనుకునే పోయాడన్న మాట," అన్నాడు నాంచారయ్య. "మా అమ్మ మిమ్మల్ని తిట్టిన మాట నిజమేనండీ. కానీ తిట్టి తిట్టి ఆఖర్న, 'పోన్లే, ఇస్సాకు పైనున్నాడు, పిల్లోడు వాణ్ణి చూస్తానే కన్ను మూశాడు' అనుకుని పడుకుంటది. ఆవిడకి ఇప్పుడీ మాట ఎట్టా చెప్పనండీ?"

ఇస్సాకుకి దుఃఖం వచ్చింది, దాని వెనకే పట్టరాని కోపం వచ్చింది. పన్నెండేళ్ళకి తప్పు లేదని తేలితే, ఆ తేలినమాట చెప్పుకోవడానికి వీల్లేదా? గుమ్మంలో రూతు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"కనపడ్డాడనే చెప్పు," అన్నాడు ఇస్సాకు చివరికి. "నాకు వాడు, వాడికి నేను, ఆఖరిదాకా కనపడుతూనే ఉన్నామని చెప్పు."

"అప్పుడు మీరు వదిలేశారన్నది ఖాయమైపోద్దండీ."

"అవనీ. ఉండు, చొక్కా మార్చుకొస్తాను. నీతో నేనూ వస్తున్నా. ఆవిడ తిట్టేదేదో నా ఎదురుగానే తిడుతుంది."