చిన్నతాతకు సరిపడిన పెట్టె

ఊపిరైనవాడవుదధిపై పరుగిడి
తెరలతోడ నాడి తీరమంటి
గడప దాటి వచ్చు గంధవాహుడ! నీకు
చేతులెత్తి మ్రొక్కి సేవ సేతు.

కంటికి కానరాక, కనిపించే సమస్తాన్నీ కదలించే ఆ వాయుదేవునికి నమస్కరించి, బోగోలుకు తూర్పున సముద్రపుటొడ్డు పాళెంలో చిన్నపోలయ్య కూతురు స్వర్ణ తన కంప్యూటరుకు క్యాబినెట్, అంటే యంత్రభాగాలుండే పెట్టె, ఎంచుకున్న కథ చెబుతున్నాను. చెవులొగ్గి వినండి.

ఆ యింట ప్రతి ఉదయమూ ఒకే తీరున తెల్లవారేది. చిన్నపోలయ్య ఇంజన్ పడవ మీద వేటకు వెళ్ళేవాడు. ఆయన తల్లి ముసలమ్మ వాకిట నీళ్ళు చల్లి, పొయ్యిలో పుల్లలు పేర్చి, గడపలో నిలిచి, "రా మరిదీ, కాస్త ఊదిపో" అని సముద్రం వైపు కేకవేసేది. ఒడ్డు నుంచి గాలి ఒకటి లేచి వచ్చి, గడప దగ్గర ఆగి, ఒళ్ళు విదిలించి ఉప్పంతా దులుపుకుని, లోపలికి వచ్చి పొయ్యి ఊదేది. ఆపైన నులకమంచం కింద చేరి పడుకునేది.

అది ఆ యింటి గాలి. ముసలమ్మ పెనిమిటి పోలయ్య తెరచాప పడవ నడిపిన నలభై ఏళ్ళూ ఆ చాపను నింపింది అదే. ఆయన నోరారా "తమ్ముడా" అని పిలిచేవాడు కనుక ముసలమ్మకు మరిది అయింది. చిన్నపోలయ్యకు చిన్నాయన, స్వర్ణకు చిన్నతాత. పోలయ్య కాలం చేశాక, పడవలకు ఇంజన్లు వచ్చాక, చిన్నతాతకు తగిన పని లేకపోయింది. పొయ్యి ఊదడం, తడిచీరలు ఆరబెట్టడం, ఎండుచేపల మీద ఈగలు తోలడం, ఇవే ఆయనకు మిగిలిన కొలువులు. పాళెంవాళ్ళు దారిలో ఎదురైతే "ఏం పెద్దాయనా, బాగుండావా" అని పలకరించి పక్కకు తప్పుకునేవారు.

స్వర్ణకు ఇరవై నాలుగేళ్ళు. కావలి కళాశాలలో చదివి, కంప్యూటరులో కదిలే బొమ్మలు గీసే విద్య నేర్చింది. చెన్నైలో ఒక ప్రదర్శనశాలవారు పూర్వకాలపు తెరచాప పడవల మీద ఆరు నిమిషాల బొమ్మల చిత్రం తయారుచేసే పని పరీక్షగా ఆమెకు అప్పగించారు. గట్టెక్కితే శాశ్వతమైన ఉద్యోగం. గట్టెక్కకపోతే సోమవారం ఉదయం రొయ్యల కంపెనీ వ్యాను ఎక్కి తలలు తీసే పనికి పోవాలి. అక్కడ పేరు కూడా రాయించి ఉంది.

బొమ్మలన్నీ గీయడం అయింది. ఇక కంప్యూటరు వాటిని ఒక్కొక్కటిగా వెలుగునీడలతో తీర్చి, ఎనిమిదివేల పైచిలుకు పటాలుగా పేర్చాలి. చిక్కంతా అక్కడే వచ్చింది. పని మొదలుపెట్టిన గంటకల్లా కంప్యూటరు కొలిమిలా కాగి దానంతటదే ఆరిపోయేది. ఎండాకాలపు ఉడుకు ఒకవంక. ముసలమ్మ మమకారం మరొకవంక. ఆ తీరంలో కొత్త వస్తువుకు చేసే మొదటి మర్యాద ఉప్పు తగలకుండా మూసిపెట్టడం. టీవీకి గుడ్డ తొడుగుతారు. కుట్టుమిషనుకు గోనె చుడతారు. ముసలమ్మ మనవరాలి క్యాబినెట్‌లో కనిపించిన ప్రతి సందుకూ టేపు అంటించింది. అసలే ఆ పెట్టెకు ముందువైపంతా మూత. టేపు పీకేసినా గాలి ఆడే దారి లేదు.

శుక్రవారం మధ్యాహ్నం అది మూడోసారి ఆరిపోయినప్పుడు చెన్నై నుంచి వాణి గారు ఫోను చేశారు. ప్రదర్శనశాలలో చిత్రాలు చూసుకునేది ఆవిడే.

"ఆదివారం సాయంత్రం ఆరు దాటితే నేనేమీ చేయలేనమ్మా. ఇంకోమాట, నువ్వు పంపిన మచ్చుబొమ్మల్లో పడవ చక్కగా ఉంది, సముద్రం చక్కగా ఉంది. తెరచాప మాత్రం దండెం మీద ఆరేసిన దుప్పటిలాగుంది. వీలైతే దిద్దు."

దిద్దే వ్యవధి ఎక్కడిది? స్వర్ణ ఫోను పెట్టి తండ్రి ముఖం చూసింది.

"పెట్టె మారిస్తే పని జరుగుతాదా?" అన్నాడు చిన్నపోలయ్య.

"గాలి బాగా ఆడే క్యాబినెట్ అయితే జరుగుతుంది నాయనా."

"అయితే పొద్దున్నే నెల్లూరికి పోదాం. నువ్వు ఏడవబాకు."

ముసలమ్మ చేట పక్కన పెట్టి, "చిన్నాయన్ని కూడా తీసకపోండి రా. చొక్కా కొనేటప్పుడు తొడుక్కునేవాణ్ణి తీసకపోతారు. గాలాడే పెట్టె కొనేటప్పుడు గాలిని వొదిలేసి పోతారా?" అంది.

ఆ మాట అందరికీ సబబుగానే తోచింది.

శనివారం బోగోలులో బస్సెక్కితే కండక్టరు ఇద్దరికి టికెట్లు కొట్టి, మూడోవారి వైపు చూసి, "పెద్దాయనకు టికెట్టు లేదు గానీ కిటికీ పక్కన ఉండమనండి, నా కాగితాలు ఎగరగొడతాడు" అన్నాడు. చిన్నతాతకు బస్సు ప్రయాణం అదే మొదలు. నెల్లూరు చేరేవరకూ కిటికీలోంచి బయటికి పోతూ, లోపలికి వస్తూ ఒక్కచోట నిలవలేదు. స్వర్ణ గుండె కూడా అలాగే ఉంది.

ట్రంకు రోడ్డు పక్క సందులో, స్వర్ణ కంప్యూటరు కొన్న కిషోర్ బాబు దుకాణం. ఆయన ముగ్గురినీ చూస్తూనే బిల్లుల మీద బరువులు పెట్టాడు.

"రామ్మా స్వర్ణా. రా అన్నా. ఏం కావాల?"

"గాలాడే క్యాబినెట్ కావాల అబ్బయా," అన్నాడు చిన్నపోలయ్య. "ముందు మా చిన్నాయన చూస్తాడు. తరవాత నేను చూస్తా. వాడేది పాప గాబట్టి ఆఖర్న పాప చూస్తాది."

"శానా బాగుండాది వరస!" అని నవ్వి కిషోర్ బాబు మొదటి పెట్టెను బల్లమీద పెట్టి మీట నొక్కాడు. ముందూ పక్కా నిలువెత్తు అద్దం. లోపల మూడు ఫ్యాన్లు ఇంద్రధనుస్సు రంగులు మార్చుకుంటూ తిరిగాయి. స్వర్ణకు చూపు మరలలేదు. తన గదిలో అది వెలుగుతుంటే ఎలా ఉంటుందో అప్పుడే ఊహించుకుంది.

"పెళ్ళి పందిరి లాగుండాది," అన్నాడు చిన్నపోలయ్య. "ఊపిరి యాడనుంచి పీలుస్తాది?"

"పక్కన సందుంది గదన్నా."

చిన్నపోలయ్య ఆ సందులో గోరు దూర్చబోయాడు. దూరలేదు. "దీన్ని సందంటారా? ఏం చిన్నాయనా, నువ్వే చూడు."

చిన్నతాత ఎలాగో ఒదిగి లోపలికి దూరాడు. అద్దాల వెనక ఆయన తారట్లాడడం వినవచ్చింది. చాలాసేపటికి, జ్వరం తగిలినవాడిలా వెచ్చబడి బయటపడి, నేరుగా కిషోర్ బాబు ముఖాన నిట్టూర్చాడు.

"సరే, సరే, తిట్టబాక పెద్దాయనా," అని కిషోర్ బాబు చెమట తుడుచుకుని రెండోది దించాడు. దాని ముందువైపంతా సన్నని రంధ్రాలు. స్వర్ణ ముఖం వికసించింది. చిన్నపోలయ్య జేబులోంచి వలదారం ముక్క తీసి, మునివేళ్ళతో పురిపెట్టి, ఒక రంధ్రంలోంచి లాగి చూశాడు. వల కొనేటప్పుడు దాని కన్ను ఎంత వెడల్పో చూడనిదే ఆయన బేరమాడడు.

"కన్ను బానే ఉండాది." తరువాత వంగి లోపలికి చూశాడు. రంధ్రాలను ఆనుకునే ఇనుపరేకు అర అడ్డం. పెట్టె వీపున వేలెడంత కంత. "ఇదేంది, మూతి ఇంత పెట్టి తోక కుట్టేసినారు? వలలోకి నీళ్ళు వస్తే సరిపోతాదా అబ్బయా, పోవద్దా? పోయే దారి లేకపోతే నీళ్ళు ఎదురుతంతాయి. ఎదురుతన్నే వలలోకి పిత్త పరిగె కూడా రాదు."

"అన్నా, పదేళ్ళనుంచి ఇవి అమ్ముతుండా. నాకెవురూ ఇట్టా చెప్పలేదు."

"నువ్వెప్పుడన్నా వల లాగినావా?"

"లేదు."

"మరి!"

స్వర్ణ నవ్వింది. రెండు రోజుల్లో అదే మొదటి నవ్వు. నవ్వుతూనే తలెత్తితే, పై అరలో దుమ్ము పట్టిన నల్లని పెట్టె ఒకటి కనబడింది. అద్దం లేదు, రంగులు లేవు. కరెంటు మీటరు పెట్టె అనుకోవచ్చు. కిషోర్ బాబు దానిని మొహమాటంగా దించి తుడిచాడు. ముఖమంతా జల్లెడలాంటి సన్నని జాలీ, దాని వెనక జానెడేసి ఫ్యాన్లు రెండు, వీపున మరొకటి, నెత్తిన మళ్ళీ జాలీ. లోపల ముందునుంచి వెనకకు చేయి చాపితే ఏదీ అడ్డు తగలదు. దుమ్ము ఆపే తెరను ఊడదీసి కడుక్కోవచ్చు.

ఎవరూ చెప్పకముందే చిన్నతాత లేచాడు. ముందు జాలీలోంచి ప్రవేశించి, వెనకనుంచి వెడలి, ఎదుటి గోడనున్న బైబిలు వాక్యాల క్యాలెండరును జనవరి నుంచి డిసెంబరు దాకా ఒక్క విసురున తిప్పాడు. చుట్టూ తిరిగి వచ్చి మళ్ళీ ముందునుంచి ప్రవేశించాడు. ఈసారి నెత్తిమీదుగా లేచాడు. బిల్లులు బరువులతో సహా లేచాయి. కిషోర్ బాబు టీ చల్లారిపోయింది. ఆరోసారికి ముగ్గురూ లెక్క మరచి నవ్వుతున్నారు.

"కుట్టించినట్టు సరిపోయిందన్నా," అన్నాడు కిషోర్ బాబు.

స్వర్ణ ఒక్కసారి అద్దాల పెట్టె వైపు చూసింది. అది ఇంకా రంగులు మారుతూనే ఉంది. ఆమె ఊపిరి గట్టిగా పీల్చుకుని, "ఇదే కట్టండి," అంది నల్లపెట్టెను చూపించి.

ఇంటికి చేరి, పాత పెట్టెలోని యంత్రభాగాలను ఒక్కొక్కటిగా కొత్తదానిలో అమర్చేసరికి సందె వాలింది. ముసలమ్మ టేపుచుట్ట పట్టుకుని సిద్ధంగా వచ్చింది.

"ఓయమ్మో! ఇన్ని కంతలా? ఉప్పు కొట్టేస్తాదే!"

స్వర్ణ రెండు చేతులూ అడ్డం పెట్టింది. "అవ్వా, ఆగు! ఇందులోకి పోయేది నీ మరిదే. ఆయన గడపలోనే ఉప్పు దులుపుకుని వస్తాడు గదా."

ముసలమ్మ ఆలోచించింది. కాదనడానికేమీ కనబడలేదు. టేపుచుట్ట చేతికి గాజులా తొడుక్కుని, "మరిదీ, బాగా దులుపుకో. పిల్ల బతుకు నీ చేతిలో ఉండాది," అంది. చిన్నతాత వాకిటికి పోయి మరొకసారి ఒళ్ళు విదిలించుకుని వచ్చి, పెట్టె ముందు ఒక క్షణం నిలిచి, లోపలికి వెళ్ళాడు.

పటాలు పేర్చుకోవడం మొదలైంది. వేయి. రెండువేలు. స్వర్ణ తెర మీది అంకెను చూస్తూ గంజి తాగింది, చూస్తూనే కునికింది. ఆదివారం నడిమింట సూర్యుడు నిప్పులు చెరుగుతుంటే పాళెంలో కుక్కలు కూడా పడవల నీడ వదలలేదు. లోపల పెట్టె మాత్రం నింపాదిగా ఊపిరి తీస్తోంది. ఐదువేలు. ఏడువేలు. చిన్నపోలయ్య పడవ దిగి, చేపలబుట్ట వాకిటనే వదిలి, లోపలికి పరుగున వచ్చాడు. అయిదుంబావుకు చివరి పటం పూర్తయింది.

తండ్రీ కూతుళ్ళు ఊపిరి బిగబట్టి చూశారు. తెర మీద తెల్లవారింది. పడవ ఒడ్డు విడిచింది. అప్పుడు తెరచాప పొంగింది. ముందు అంచు వణికింది, నడుము నిండింది, మోకు బిగుసుకుంది, పడవ ఒక్క పక్కకు ఒరిగి, అల మీదికి ఎగసి, దూసుకుపోయింది. పడవవాని తలగుడ్డ కొస వీపుమీద ఎగురుతోంది. ఆ కొసా, ఆ కదలికలూ ఏవీ స్వర్ణ గీసినవి కావు.

"నాయనా, ఇది నేను వేసింది కాదు."

చిన్నపోలయ్య భుజం మీది గుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. "తెలుస్తానే ఉండాది. పంపించు పాపా. ఆరు కావస్తా ఉండాది."

పంపించింది. జవాబు రాలేదు. రాత్రి గడిచింది, సోమవారం ఏడున్నరకు రొయ్యల కంపెనీ వ్యాను సందు మొదట నిలిచి హారను కొట్టింది. స్వర్ణ సద్దిగిన్నె పట్టుకుని గడప దాటింది. మళ్ళీ హారను. వ్యాను మెట్టుమీద కాలు పెట్టబోతుండగా ఫోను మోగింది.

"స్వర్ణా! పొద్దున్నే కూర్చుని ఇప్పుడే అందరం చూశాం," వాణి గారి గొంతు ఉరకలు వేస్తోంది. "ఉద్యోగం నీదే. ఆ చాపలో గాలి ఎవరు చేశారమ్మా? మావాళ్ళు ఎవరూ కనిపెట్టలేకపోయారు."

"మా చిన్నతాత గారండీ."

"అలాగా. ఆయన పేరు కూడా వేస్తాం. ఇద్దరూ చెన్నై వచ్చేయగలరా?"

"ఆయన ఈ ఒడ్డు విడిచి ఉండలేరండీ."

"అయితే ఆయన్ని కదిలించొద్దు. నువ్వూ అక్కడే ఉండి చెయ్యి. వచ్చేవారం నుంచి ఇంకా నాలుగు చిత్రాలున్నాయి."

"ఎక్కుతావా, లేదా మే?" అని డ్రైవరు అరిచాడు.

"ఎక్కనన్నా! ఇంక ఎప్పటికీ ఎక్కను!" అని స్వర్ణ వెనుదిరిగి పరుగుతీసింది. సద్దిగిన్నె ఎక్కడ వదిలిందో ఆమెకే తెలియదు.

ఇల్లంతా కోలాహలమైంది. ఆ సందడి నడుమ ముసలమ్మ వచ్చి తెర ముందు చతికిలబడి, "ఏందో ఆ బొమ్మ, నాకు చూపించలేదే," అంది. స్వర్ణ చూపించింది. పడవ ఒడ్డు విడిచింది, చాప పొంగింది, ఒంటరి పడవవాడు చుక్కాని పట్టి వెనుదిరగకుండా సాగిపోయాడు. తలగుడ్డ కొసను చూసి ముసలమ్మ చేయి నోటికి అడ్డం పెట్టుకుంది. అలా కొస వదిలి చుట్టేవాడు పాళెంలో ఒక్కడే ఉండేవాడు.

ఆమె పెట్టె వైపు జరిగి, జాలీకి పెదవులు ఆనించి, ఎవరికీ వినపడనంత మెల్లగా అడిగింది: "బాగుండాడా మరిదీ, మీ అన్న?"

ఫ్యాన్లు ఒక్క క్షణం వేగం హెచ్చించాయి. ఆమె నెరసిన ముంగురులు చెదిరి, మళ్ళీ నుదుట సర్దుకున్నాయి.

ఈ కథ విన్నవారి యిళ్ళలో చల్లని గాలి వచ్చే దారీ, వేడి వెడలే దారీ మూతపడకుండు గాక. చేతిలో విద్య ఉన్నవారికి పని వెదుక్కుంటూ వచ్చు గాక. పని లేక మూల కూర్చున్న పెద్దలకు తమ బలానికి తగిన చోటు దొరకు గాక. వేటకు పోయిన ప్రతి పడవా నిండుగా ఒడ్డు చేరు గాక. స్వస్తి.