చెరిపినా పోని ఉత్తరం

అత్త టైపింగ్ సెంటరుకు బోర్డంటూ ఏమీ లేదు. వీధిలోకి తెరుచుకునే ముందు గది, రెండు బల్లలు, ఒక ప్రింటరు, గోడవారగా ఒక బెంచీ, అంతే. రాయించుకోవాల్సినవాళ్ళకు దారి తెలుసు. ముప్పై ఏళ్ళుగా జనం ఆ బెంచీ మీద కూర్చుని, చెప్పలేక చెప్పలేక చెప్పిన మాటలన్నీ అత్త వేళ్ళ మీదుగా కాగితం మీదికి చేరాయి. అర్జీలు, రాజీనామాలు, వీలునామాలు, అలిగి వెళ్ళిన అల్లుళ్ళకు బుజ్జగింపు ఉత్తరాలు. వాటిలో ఒక్కటి కూడా గడప దాటి బయటికి పొక్కలేదు. అన్నీ అత్త కడుపులోనే ఉన్నాయి.

రెండేళ్ళ కిందట పని నేర్చుకోవడానికి వచ్చిన మేనకోడలికి అత్త మొదట నేర్పింది టైపు కాదు, కార్బన్ కాగితం సంగతి. వాడేసిన కార్బన్‌ను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ప్రతి అక్షరమూ కనిపిస్తుందట. అందుకే టైపు మిషను రోజుల్లో అత్త ఏ పూట కార్బన్ ఆ పూటే పెరట్లో కాల్చేసేది. అదంతా విని మేనకోడలు సరేనని తలూపింది. అడిగితే తప్ప పెదవి విప్పని పిల్ల. అందుకే అత్త ఆమెను ముంగి అంటుంది. పేరు పెట్టి పిలిస్తే ముంగికే కొత్తగా ఉంటుంది.

కొత్త కంప్యూటరు కొన్నాక, తొమ్మిదేళ్ళ పాతదాన్ని ఎదురు బేకరీ ఆయన కూతురికి ఇస్తానని అత్త మాటిచ్చేసింది. ఆ పిల్ల ఇళ్ళ ప్లానులు గీయడం నేర్చుకునే కోర్సులో చేరింది. రెండు రోజుల్లో క్లాసులు మొదలు. ముందు "తీసుకెళ్ళవే, అడగాలా?" అని ధారాళంగా అనేసిన అత్త, ఆ రాత్రి నుంచి కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది.

క్లాసులకు ముందు రోజు పొద్దున్నే ముంగి పాత కంప్యూటరు ముందు కూర్చుంటే, అత్త వెనక నిలబడింది.

"అయిపోయిందా?"

"ఫార్మాట్ అయిపోయిందత్తా. ఖాళీ."

"ఖాళీ అంటే ఎట్లా? గిన్నె తోమినట్టా, మూత పెట్టినట్టా?"

అబద్ధం చెప్పడం ముంగికి చేతకాదు. "ఇంటి ముందు పేరు పలక పీకేసినట్టు. లోపల సామాను లోపలే ఉంటుంది."

"అయితే ఎవరైనా లోపలికి వెళ్ళొచ్చా?"

"వెళ్ళడం తెలిస్తే వెళ్ళొచ్చు."

లోపలి గదిలోంచి మావయ్య పేపరు దించకుండానే అందుకున్నాడు. "సుత్తి ఇస్తాను, రెండు తగిలించండి. పీడా పోతుంది."

"ఆ పిల్ల సుత్తి దెబ్బల మీద గీసుకుంటుందా ప్లానులు? మీరు పేపరు చదువుకోండి!" అని అటు కసిరి, అత్త ఇటు వంగింది. "నువ్వు వెళ్ళగలవా లోపలికి? చూపించు."

పోయిన ఫైళ్ళను వెతికి తెచ్చే ప్రోగ్రామొకటి ముంగి దగ్గరుంది. పెన్ డ్రైవులోంచి నడిపించింది. గంట తిరిగేసరికి తెర మీద జాబితా జలజలా రాలింది. ఫార్మాట్‌తో పోయినవే కాదు, ఎన్నడో చెరిపేసినవి కూడా. ఉత్తరాలెంత చోటు తింటాయి? అంత పెద్ద డిస్కులో వాటి మీద ఇంకొకటి రాసే అవసరమే రాలేదు. ఎక్కడివక్కడే పడి ఉన్నాయి.

అత్త గొంతు తగ్గించింది. "బేకరీ అని ఉందేమో చూడు."

ఉంది. "బేకరీ చెల్లెలికి" అని. ముంగి నొక్కింది.

"చెల్లీ, మీ వదిన పోయాక ఈ పిల్లను పెంచడం నా వల్ల కావడం లేదు. నువ్వొచ్చి తీసుకుపో. మళ్ళీ నా కళ్ళకు..."

అంతవరకే. అత్త రెండు అరచేతులూ తెర మీద పడ్డాయి.

"చదవకే! మూసెయ్!"

ముంగి మూసేసింది. అత్త చేతులు తీయలేదు. తెర మీద ఇంకేమీ లేకపోయినా అలాగే కాపు కాస్తూ నిలబడింది. ఆ తర్వాత వచ్చి బెంచీ మీద కూలబడింది.

"ఒకరి సంగతి ఒకరికి చెప్పడం నా ఒంట్లో లేదు. కానీ సగం చదివేశావు. సగంతో వదిలేస్తే ఆయన మీద నీకు తప్పు అభిప్రాయం ఉండిపోతుంది. అందుకని చెబుతున్నా, విని మరిచిపో. అది పోస్టు చెయ్యలేదు. మర్నాడు పొద్దున్నే తెచ్చి నా ముందు ముక్కలు ముక్కలు చింపేశాడు. 'అక్కా, నీ దగ్గర కూడా ఉండకూడదు' అన్నాడు. 'చెరిపేశాన్లేవయ్యా' అన్నాను." అత్త తెర వైపు చూసింది. "ఎనిమిదేళ్ళ పిల్ల అది అప్పుడు. తొమ్మిదేళ్ళుగా ఆయన్ని నమ్మించి అబద్ధం చెప్పానన్నమాట."

"నీకు తెలీదుగా అత్తా."

"తెలీకుండా చెప్పినా అబద్ధం అబద్ధమేగా. ఇది ఆ పిల్ల కంట పడితే? వాళ్ళ నాన్న పిండి చేతులతో జడలేసి బడికి పంపిన పిల్ల!"

మొత్తం తుడిచేసే సాఫ్ట్‌వేరు ఉందని ముంగి చెప్పింది. డిస్కు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ప్రతి చోటా సున్నాలు రాసుకుంటూ పోతుంది. పాత అక్షరం మీద కొత్తది పడితే పాతది ఇక లేనట్టే. పైగా ఉచితం.

ఆ ఆఖరి మాటకు అత్త కళ్ళు చిన్నవయ్యాయి. "ఊరికే ఎందుకిస్తాడు? తుడుస్తున్నట్టే తుడిచి అన్నీ వాళ్ళింటికి పంపించుకుంటాడేమో."

ముంగి వంగి నెట్ వైరు పీకి బల్ల మీద పెట్టింది. "ఇప్పుడెలా పంపుతాడు?"

"ఊఁ." అత్త వైరును తీసి సొరుగులో పెట్టింది, దాని దారిన అది వెళ్ళి దూరుతుందేమో అన్నట్టు. "అయినా లోపలేం పెట్టాడో ఎవరికి తెలుసు?"

"అది ఎలా రాశారో అందరికీ కనపడేలా పెట్టారు. ఎవరైనా చూసుకోవచ్చు."

"నువ్వు చూశావా?"

"చూసినా నాకు అర్థం కాదు. అర్థమయ్యేవాళ్ళు చూశారు."

ఆ జవాబు అత్తకు నచ్చింది. చూశానని కోతలు కోసి ఉంటే ఒప్పుకునేది కాదు.

పెన్ డ్రైవుతో కంప్యూటరును లేపితే తెర మీద రెండు డిస్కులు కనిపించాయి. ఒకటి పాతది, రెండోది ఆ పెన్ డ్రైవే. ముంగి పెట్టె మూత విప్పి డిస్కు మీద అంటించిన చీటీలోని నంబరును వేలు పెట్టి చదివి, తెర మీది నంబరుతో రెండుసార్లు పోల్చుకుంది. ఎన్నిసార్లు తుడవాలని తెర అడిగింది. ఒకటి, మూడు, ముప్పై అయిదు.

"ముప్పై అయిదు," అంది అత్త తడుముకోకుండా.

"ఒకటి చాలత్తా."

"చాలితే ముప్పై అయిదెందుకు పెట్టాడు? పనిలేకా?"

"అది ఎప్పటివో పాతకాలం డిస్కుల కోసం. ఒక్కోసారికి రెండు గంటలు. ముప్పై అయిదంటే మూడు రోజులు. రేపు పొద్దున పిల్ల క్లాసు."

బేరం మూడు దగ్గర తెగింది. ఎనిమిదింటికి మొదలైతే రెండింటికి అయిపోతుంది. ముంగి ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని మీట నొక్కింది. దాన్ని ముట్టుకోవద్దని అత్తకు చెప్పి, పది గంటలకు రిజిస్టరు ఉత్తరాలు పట్టుకుని పోస్టాఫీసుకు వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి పాత కంప్యూటరు తెర నల్లగా ఉంది. అత్త మొహం చేటంత చేసుకుని గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"పాసైందే!"

"ఏంటి?"

"పాస్ అని వేశాడు! పాస్ ఒకటి, పక్కన వంద శాతం. వందకి వంద, మొదటిసారికే! ఇంకెందుకని కట్టేశాను. బేకరీ ఆయన్ని వచ్చి తీసుకెళ్ళమన్నాను కూడా."

"అత్తా, పాసంటే పరీక్ష పాసవడం కాదు. ఒక్కసారి తుడవడాన్ని పాస్ అంటారు. మొదటిసారి అయిందని వేశాడు. కింద రెండోది నడుస్తూ ఉండాలి."

"కిందా?" అత్త కళ్ళద్దాల కోసం తల తడుముకుంది. "కిందేదో గీతలు పాకుతున్నాయి. అవి నాకెందుకులే అనుకున్నా."

పొద్దున ఒకటి చాలని వాదించింది ముంగే. అయినా మాట వేరు, ఆ ఒక్కదాని మీద ఒక మనిషి పరువు పెట్టడం వేరు. వెతికి చూస్తేనే తెలుస్తుంది. మళ్ళీ పెన్ డ్రైవు గుచ్చి, పొద్దుటి వెతుకులాట మొదలుపెట్టింది. నీలం గీత ఒక శాతం దగ్గర కదలడం మొదలైంది.

అంతలో బేకరీ ఆయన రానే వచ్చాడు. మోచేతుల దాకా పిండి, చేతిలో కాగితంలో చుట్టిన వేడి రొట్టె.

"ఇది నీకక్కా. ఏదీ, ఇస్తావా మరి?"

"ఇంకో గంట పడుతుందయ్యా. పొయ్యి చూసుకుని రాపో."

"పొయ్యి దగ్గర మనిషున్నాడులే." ఆయన బెంచీ మీద కూర్చున్నాడు. పోయే ధోరణిలో లేడు. అత్త టీ పెట్టి తెచ్చింది. ఆయన తాగలేదు. గోళ్ళలోని పిండి గీరుకుంటూ తెర వైపు చూశాడు.

"అదేం వెతుకుతోందమ్మాయ్?"

"పాతవి ఏమైనా మిగిలాయేమోనని బాబాయ్."

"మిగులుతాయా? చెరిపేసినా?"

ముంగి అత్త వైపు చూసింది. అత్త ప్రింటరు వైపు చూసింది. ప్రింటరేం చెబుతుంది?

"మామూలుగా చెరిపితే మిగులుతాయి," అంది ముంగి. "మాకూ ఈ పొద్దునే తెలిసింది."

ఆయన చేతులు ఆగిపోయాయి. అత్త వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.

"తమ్ముడూ, ఆ రోజు చెరిపేశానని చెప్పాను. చెరిపేశాననే అనుకున్నాను."

"ఉందా అయితే?"

"పొద్దున దాకా ఉంది. తుడిచాం. పోయిందో లేదో ఇప్పుడు చూస్తున్నాం."

ఆయన కోప్పడలేదు. కోప్పడితే అత్తకు కాస్త తేలికగా ఉండేది. చల్లారిన టీని ఒక్క గుక్కలో తాగేసి గ్లాసు కింద పెట్టాడు. "దాని వయసు ఇప్పుడు పదిహేడక్కా. ఎప్పుడైనా నేనే చెబుతానేమో. కాగితం మీద చదవడం వేరు కదా."

"వేరే," అంది అత్త.

ముగ్గురూ నీలం గీతను చూస్తూ కూర్చున్నారు. తొంభై దాటాక వీధిలోంచి చెప్పుల చప్పుడు, ఆ వెనకే గొంతు. "నాన్నా! పెట్టె తేవడానికి వెళ్ళి ఇక్కడే కాపురం పెట్టేశావా?"

కూతురు లోపలికొచ్చి సరాసరి తెర ముందు నిలబడింది. తొంభై ఆరు. దొరికినవి ఉంటే పేర్లతో సహా ఆ తెర మీదే రాలతాయి. ముంగి చెయ్యి నెమ్మదిగా మానిటరు బొత్తాం మీదికి వెళ్ళి అక్కడే ఆగింది. తొంభై ఎనిమిది. బెంచీ మీద తండ్రి లేచి నిలబడ్డాడు. వంద.

దొరికిన ఫైళ్ళు: 0.

అత్త ముక్కు మీదికి అద్దాలు లాక్కుని వంగింది. "సున్నా వచ్చిందేంటే! ఫెయిలైందా?"

ముందు ముంగికి నవ్వొచ్చింది. ముంగి నవ్వడం ఆ గదిలో ఎవరూ పెద్దగా చూసింది లేదు. తర్వాత బేకరీ ఆయన అందుకున్నాడు. పొట్ట పట్టుకుని, బల్ల పట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాడు. లోపల్నుంచి మావయ్య కూడా పేపరు పట్టుకునే వచ్చి ఏమైందని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఫెయిల్ కాదత్తా," అంది ముంగి. "ఏమీ లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు."

"మొత్తం పోయినట్టేనా అమ్మాయ్?" అన్నాడాయన కళ్ళు తుడుచుకుంటూ. తుడిచిన చోటల్లా పిండి అంటుకుంది.

"మొత్తం బాబాయ్. నేనే చూశాను."

కూతురు అందరి మొహాలూ చూసింది. "ఫైళ్ళు లేకపోతే అంత నవ్వేంటి నాన్నా? పాతవి రెండు పాటలైనా ఉంచలేదా అత్తయ్యా?"

"మా దగ్గర పాటలెక్కడివే? అన్నీ అర్జీలే," అంది అత్త. "పట్టుకో ముందు."

ముంగి వైర్లు చుట్టి ఇచ్చింది. తండ్రి పెట్టెను ఛాతీకి ఆనించుకుని ఎత్తుకున్నాడు. మానిటరు కోసం మళ్ళీ వస్తానన్నాడు. కూతురు కీబోర్డు చంకలో పెట్టుకుని ముందు నడిచింది. వీధి మధ్యకు వెళ్ళాక ఆయన ఆగి, ఎదురొస్తున్న సైకిలు దాటేదాకా మోచేత్తో ఆ పిల్లను వెనక్కి నెట్టి ఉంచాడు.

"నేనేం చిన్నపిల్లనా?" అని అటునుంచి గొంతు వినిపించింది.

"నడువు, నడువు," అన్నాడాయన.