చన్నీళ్లు పోస్తేనే వేడినీళ్లు

నేను ఒక రాగి బాయిలర్‌ని. లంబసింగి దారిలో ఒక రిసార్టు గుమ్మం ముందు, చింతపండుతో తోమించుకుని, పొట్టనిండా ప్లాస్టిక్ పూలతో నిలబడి ఉంటాను. చలి కోసం డబ్బిచ్చి మరీ వచ్చే జనం నా పక్కన చేరి ఫొటోలు దిగుతారు. ఈ కొండమీదే ఒక ఇంటివాళ్లు నన్ను చూడలేక అమ్మేస్తే ఇక్కడికి చేరాను.

బుడితిలో ఒక కంచరి నన్ను సుత్తితో కొట్టి కొట్టి మనిషిని చేశాడు. అడుగున పొయ్యి, నడుమ పొగగొట్టం, దాని చుట్టూ నీళ్లు. నా పద్ధతి ఒకటే. పైనుంచి చెంబుడు చన్నీళ్లు పోస్తే పక్క గొట్టంలోంచి చెంబుడు వేడినీళ్లు ఇస్తాను. పోయనిదే ఇవ్వను. నర్సీపట్నంలో నా మొదటి యజమాని, ఒక మిల్లు ఆసామి పెరట్లో ఈ బేరం బాగానే సాగింది. రెండు కొబ్బరి మట్టలు వేస్తే ఇంటిల్లిపాదీ తలంట్లు పోసుకునేవారు. గీజరు రాగానే నన్ను సంతకు తోలేశారు.

అక్కడ నన్ను కొన్నవాడు బొంజుబాబు, కాఫీ తోటలో కూలి. భార్య కొండతల్లికి నెల తప్పింది. పురిటి నీళ్లకు పనికొస్తానని నన్ను భుజాన మోసుకుంటూ కొండెక్కాడు. గడ్డి ఇల్లు కదా, నిప్పు భయానికి నన్ను వాకిట్లోనే నిలబెట్టారు.

కొండమీద నా ఆకలి చూసి నాకే భయమేసింది. పోసే వాగు నీళ్లే వేళ్లు కొంకర్లు పోయేంత చల్లన. నేను కాస్త వేడెక్కేలోపు గాలి వచ్చి ఆ వేడిని ఎత్తుకుపోయేది. మంచుకు తడిసిన కట్టెల మంట సగం వాటిని ఆరబెట్టుకోవడానికే సరిపోయేది. మోపెడు మింగినా గోరువెచ్చన దాటేదాన్ని కాదు.

ఆ పుష్యమాసంలో కొండతల్లికి ఏడో నెలలోనే నొప్పులొచ్చాయి. గుప్పెడంత ఆడపిల్ల పుట్టింది. పొగమంచుకు ఘాటు రోడ్డు కనబడక ఆంబులెన్స్ కిందే ఆగిపోయింది. మంచు విడిచేదాకా పిల్ల ఒళ్లు చల్లబడనివ్వద్దని నర్సమ్మ ఫోనులో చెప్పింది. సీసాల్లో వేడినీళ్లు నింపి, గుడ్డలు చుట్టి, పిల్లకు అటూ ఇటూ పెట్టారు. సీసా చల్లారిన ప్రతిసారీ బొంజుబాబు పరుగెత్తుకొచ్చి నాలో చన్నీళ్లు పోసేవాడు. తీసుకున్నకొద్దీ నేను చల్లబడిపోయాను.

ఎండు కట్టెలు ఇంట్లో లేకపోలేదు. బొంజుబాబు తల్లి దేవుడమ్మ ఏళ్ల తరబడి కూడబెట్టిన మద్ది కట్టెలు అటక మీద ఉన్నాయి. అవి తన చితికని దాచుకుంది. వానల్లో పోతే తడికట్టెల మీద సగం కాలి పడి ఉంటానేమోనని ఆమె బెంగ. వాటిని అడగడానికి కొడుక్కి నోరు రాలేదు. ఆమె తనంతట తీసివ్వనిది చెయ్యి రాక కాదు, భయంతో.

"కాటి కర్రలు పురిటి నీళ్లకెట్టకూడదురా. పసిగుంటకి అరిష్టం," అంటూ కళ్లు ఎర్రబడేదాకా ఆ తడికట్టెలనే ఊదింది.

రెండోనాడు పిల్ల ఏడుపు సన్నగిల్లింది. అప్పుడు దేవుడమ్మే అటకెక్కి తన కట్టెలు కిందికి తోసింది. నా జన్మలో అంత మంట ఎరగను. నీళ్లు సలసల కాగాయి. పిల్ల ఒళ్లు వెచ్చబడింది, గుక్కెడు పాలు కూడా తాగింది. సాయంత్రానికి ఊపిరి ఆగిపోయింది. మర్నాడు పొద్దెక్కాక మంచు విడిచింది, ఆంబులెన్సూ వచ్చింది.

ఊరు ఊరుకుంటుందా? ఒకరిని ఆడిపోసుకోవడానికి ఎంత చలైనా అడ్డం రాదు. కాటి కర్రలు పెట్టింది కాబట్టే పిల్ల కాటికి పోయిందన్నారు. దేవుడమ్మ నా ముందు చతికిలబడి నెత్తి బాదుకుంది. తప్పు నీ కట్టెలది కాదమ్మా, చలిది అని చెప్పాలని నేను ఎంత కొట్టుకున్నానో! దుఃఖంలో ఉన్న మనిషికి ఒక్క మాట సాయం చెయ్యలేని బతుకూ ఒక బతుకేనా అనిపించింది.

కొండతల్లి గోడ పట్టుకుని బయటికొచ్చింది. అత్త పక్కన కూలబడింది.

"అత్తా, ఆల మాటలు ఇనకు. నీ కర్రలెట్టాకే గుంట ఒళ్లు ఎచ్చబడ్డాది. ఆ పూటే పాలు తాగింది."

దేవుడమ్మ ఏడుపు ఆపింది. కోడలి ముఖంలోకి చూసింది.

"మరైతే మొన్నే ఎందుకెట్టనేదే నాను?"

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. నోరులేని వస్తువుగా పుట్టినందుకు నేను సంతోషించింది ఆ ఒక్కసారే.