మూడువందల నలభై మందికి ఒక టెస్ట్ మెసేజీ

ఆ లైబ్రరీలో పుస్తకాలు బయటికి వెళ్లడమే గానీ తిరిగి రావడం తక్కువ. గడువు దాటినవాళ్లకు లైబ్రేరియన్ ఒక్కొక్కరికే ఫోన్ చేసేది, గొంతు బొంగురుపోయాక మానేసేది. అది చూడలేక ఆమె ఆడపడుచు, గడువు దగ్గరపడగానే సభ్యులకు మెసేజీ పంపే వెబ్ అప్లికేషన్ ఒకటి చేసిపెడతానంది. అలాంటి అప్లికేషన్లు చేసే ఉద్యోగంలోనే ఆ ఆడపడుచు కొత్తగా చేరింది. కుదురుగా ఒకచోట కూర్చోదని ఇంట్లో ఆమెను పిచ్చుక అంటారు.

శనివారాలు లైబ్రరీలో కిటికీ పక్క బల్ల మీద పని మొదలుపెట్టింది. వదిన సభ్యుల జాబితాతోపాటు, మెసేజీలు పంపే సర్వీసువాళ్లు లైబ్రరీకిచ్చిన సీక్రెట్ కీ కూడా చేతిలో పెట్టింది. ఆ కీ ఎవరి దగ్గరుంటే వాళ్లు లైబ్రరీ పేరుతో ఎవరికైనా మెసేజీ పంపొచ్చు. జాగ్రత్త అని వదిన మరీ మరీ చెప్పింది. పిచ్చుక తలూపింది, ఆ పొడవాటి అక్షరాల వరసను తిన్నగా కోడ్ మధ్యలో అతికించేసింది. నడిచేది తన ల్యాప్‌టాప్‌లోనే కదా, తర్వాత తీసేయొచ్చులే అనుకుంది.

మూడో శనివారం మధ్యాహ్నం టెస్ట్ చేద్దామనుకుంది. తన ఒక్క ఫోనుకే వస్తుందన్న ధీమాతో నోటికొచ్చింది రాసింది: “మీ దగ్గరున్న మా పుస్తకం మా మీద బెంగ పెట్టుకుంది. తిండి మానేసింది. దయచేసి తీసుకురండి.” బటన్ నొక్కింది.

ముందు వదిన ఫోన్ మోగింది. తర్వాత పేపరు చదువుకుంటున్న పెద్దాయన జేబులో మోగింది. ఆ వెనకే పిల్లల పుస్తకాల వైపు నుంచి మూడు ఫోన్లు ఒకేసారి మోగాయి. అందరూ తలలెత్తి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జాబితా అసలుది, కీ అసలుది. మూడువందల నలభై మెసేజీలు వెళ్లిపోయాయి.

పావుగంటలో ఒక పళ్ల డాక్టరు ఫోన్ చేసి, తన దగ్గరున్నది వంటల పుస్తకమనీ, అది తిండి మానేయడం నమ్మశక్యంగా లేదనీ అన్నాడు. రిటైరైన బస్సు డ్రైవరు ఏడేళ్ల కిందట తీసుకెళ్లిన మూడు పుస్తకాలను చంకన పెట్టుకుని వచ్చాడు. పాపం, ఇన్నాళ్లూ వాటి సంగతి పట్టించుకోలేదని నొచ్చుకున్నాడు. సాయంత్రానికి అరవై ఒక్క పుస్తకాలు వచ్చి పడ్డాయి. వదిన కడుపు పట్టుకుని నవ్వుతూనే వాటిని సర్దింది.

పిచ్చుకకు మాత్రం నవ్వు రాలేదు. ఆఫీసులో అందరూ మాస్టారు అని పిలిచే సీనియర్‌కు అప్పుడే ఫోన్ చేసింది. ఆయన చూసి తప్పులు చెబుతారని కోడ్‌ను ముందురోజే ఇంటర్నెట్‌లో అందరికీ కనబడేచోట పెట్టింది. ఆయన తెరిచి చూస్తే నాలుగో లైన్లోనే కీ కనబడింది. వెంటనే చెరిపేస్తానంది పిచ్చుక.

“చెరిపితే చాలదమ్మాయ్, పాత కాపీలన్నీ అక్కడే ఉంటాయి. ఈపాటికి ఎవరి కంటైనా పడుండొచ్చు. ముందు ఆ కీ రద్దు చేయించు, శుభ్రం చేసుకోవడం తర్వాత.”

కీ లైబ్రరీది. వదినకు చెప్పక తప్పదు. పిచ్చుక రెండుసార్లు బల్ల దాకా వెళ్లి వెనక్కొచ్చింది. మూడోసారి వదినే తలెత్తి, ఏమైందని అడిగింది.

“వదినా, ఆ మెసేజీ సంగతి సరే. అంతకంటే పెద్ద తప్పు చేశాను. నువ్విచ్చిన కీ నిన్నట్నుంచి ఇంటర్నెట్‌లో అందరికీ కనబడుతోంది.”

వదిన నవ్వు ఆగిపోయింది. చేతిలో పుస్తకం పక్కన పెట్టింది. “చెప్పావు, అది నయం. ఇప్పుడేం చేయాలో చెప్పు.”

ఇద్దరూ ఒకే కుర్చీలో సగం సగం సర్దుకుని కూర్చున్నారు. సర్వీసు పేజీలోకి వెళ్లి పాత కీ రద్దు చేశారు. పంపిన మెసేజీల లెక్క చూస్తే సరిగ్గా మూడువందల నలభై ఉన్నాయి. అన్నీ పిచ్చుక పంపినవే, బయటివాళ్లవి ఒక్కటీ లేదు.

ఆ వారమంతా సరిదిద్దుకుంది. ఎవరికీ నిజంగా మెసేజీ వెళ్లని టెస్ట్ కీ ఒకటి విడిగా తీసుకుంది. దాన్ని కోడ్‌లో కాకుండా పక్కన చిన్న ఫైలులో ఉంచి, కోడ్‌ను ఇంటర్నెట్‌కు ఎక్కించినప్పుడు ఆ ఫైలు వెంట వెళ్లకుండా కట్టడి చేసింది. కొత్తగా వచ్చేవాళ్లకు ఏమేం కావాలో తెలిసేలా, కీలాంటి వాటి పేర్లు మాత్రం రాసి, అసలు కీ ఉండాల్సిన చోటు ఖాళీగా వదిలిన నమూనా ఫైలు పెట్టింది. తన ల్యాప్‌టాప్‌లోంచి సభ్యుల జాబితా తీసేసి, టెస్టుల కోసం లేని మనుషుల్ని పదిమందిని సృష్టించుకుంది. అసలు కొత్త కీ వదిన దగ్గరే ఉంది, అప్లికేషన్ నిజంగా నడిచే కంప్యూటర్లో ఆమే ఎక్కించుకుంది. దాని మొహం కూడా చూడనని పిచ్చుక తేల్చి చెప్పింది.

తర్వాతి శనివారం మాస్టారు లైబ్రరీకి వచ్చారు. కోడ్‌ను తన ల్యాప్‌టాప్‌లోకి దించుకుని నడిపించబోతే, కీ లేదు, నమూనా ఫైలు చూడండి అని చెప్పి అప్లికేషన్ ఆగిపోయింది. ఆయన తన పేరున టెస్ట్ కీ ఒకటి తీసుకుని, నమూనాలో చూపినచోట నింపుకున్నారు. ఈసారి నడిచింది. గదిలో ఒక్క ఫోనూ మోగలేదు.

ఆయన ల్యాప్‌టాప్ మూశారు. లేచి అలమరల మధ్య కాసేపు తిరిగి, ఒక లావుపాటి ప్రయాణాల పుస్తకం చేతబట్టుకుని వచ్చి, సభ్యత్వానికి ఏం చేయాలని వదినను అడిగారు. వదిన ఫారం ఇచ్చింది. పిచ్చుక పెన్ను ఇచ్చింది.