పేరు, ఊరు చెప్పున్రి

పెళ్లి వీడియోలో ఒక్క ముఖం తప్పినా మా ఆయన జానీ పాషాకు తిట్లు తప్పవు. నంగునూరు కొమురవ్వ మనవరాలి పెళ్లి సీడీ చూసుకుని, నేరుగా సిద్దిపేటలో మా స్టూడియోకు వచ్చి, "నా మొకమేది పాషా? నేను పిలువని పేరంటానికి వచ్చిన్నా?" అని దులిపేసి వెళ్లింది. అప్పటి నుంచి ఆయన భోజనాల బంతిలో ఒక్కరినీ వదలడు. ప్రతి విస్తరి దగ్గరా ఆగి, మైకు పెట్టి, "పేరు, ఊరు చెప్పున్రి" అంటాడు. పెళ్లికి రాలేక దుబాయిలో కూర్చుని సీడీ చూసుకునేవాళ్లకు ఎవరెవరో తెలియాలి కదా. ఇంతమందిని తీసిన మనిషి ముఖం మాత్రం ఏ సీడీలోనూ ఉండదు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగిన రోజుల్లో రాజీవ్ రహదారిని ఆపి, రోడ్డు మీదే వండుకుని తినే వంటావార్పు పెట్టారు. టీవీలవాళ్లు మన సంగతి రెండు ముక్కలు చూపించి, సబ్బుల ప్రకటన వేసుకుంటున్నారని మా ఆయనకు మంట. "మొత్తం నేను తీస్త మెహరాజ్. నెట్ల పెడత. దునియా చూడాలె" అని కెమెరా భుజానికెత్తాడు. నాకూ గర్వంగానే ఉండింది.

రోడ్డు మీద విస్తళ్లు పరిచి అందరూ బంతి కూర్చున్నారు. బంతి కనబడితే ఆయన చెయ్యి ఊరుకుంటుందా! "పేరు, ఊరు చెప్పున్రి." అందరూ నవ్వుతూ చెప్పారు. రాయపోల్ కూలీ సామ్యూల్ కొడుకు జోయల్ ముద్ద నోట్లో ఉండగానే "జోయల్, రాయపోల్. జై తెలంగాణ" అన్నాడు.

కరెంటు వస్తూ పోతూ ఉంటే నెట్ సెంటర్‌లో రోజంతా కూర్చుని ఆ వీడియో ఎక్కించాడు. నెట్ లేనివాళ్లు కూడా చూడాలని సెల్ దుకాణాల్లో మెమరీ కార్డుల్లో వేయించాడు. దుబాయి నుంచి ఎవరో "మా అన్న కనబడ్డడు" అని రాస్తే ఆయన సంబరం చూడాలి.

ఆ సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. జోయల్ అక్క స్వర్ణ వచ్చి గడప దగ్గరే ఆగిపోయింది.

"వదినా, ఆ వీడియో తీసెయ్యమను. పోలీసులు ఫోన్ల అదే చూసుకుంట ఊర్లె తిరుగుతున్రు. పేర్లు అడుగుత లేరు. పేరు పెట్టే పిలుస్తున్రు."

జోయల్ కానిస్టేబుల్ పరీక్ష పాసయ్యాడు. వెరిఫికేషన్ ఒక్కటే మిగిలింది. రోడ్డు ఆపిన కేసులో పేరు పడితే ఆ ఉద్యోగం ఇక రాదు.

మా ఆయన అప్పుడే పరుగెత్తి నెట్‌లోంచి తీసేశాడు. మరి కార్డుల్లోది? దుకాణం దుకాణం తిరిగి బతిమాలాడు. "నువ్వే ఇచ్చి నువ్వే తీసెయ్యమంటే ఎట్ల భాయ్? అందరి జేబులల్ల ఉన్నది" అని నవ్వారట. ఇంటికొచ్చి కూర్చోడు, తినడు. వీధిలో బండి చప్పుడైతే లేచి తొంగిచూస్తాడు. నాకు ఒళ్లు మండింది.

"ఒక్క జాగల నిలబడరాదూ! మైకు పెట్టేటప్పుడు సోయి లేదా?"

"పెండ్లి తీసినట్టే తీసిన మెహరాజ్. వాళ్లు గూడ పెండ్లిల చెప్పినట్టే చెప్పిన్రు" అన్నాడు. ఆ మాటకు నా కోపమంతా చప్పబడి ఏడుపొచ్చింది.

కేసులో జోయల్ పేరు పడనే పడింది. ఉద్యోగం ఆగిపోయింది.

మళ్లీ వంటావార్పు పెట్టినప్పుడు నేనూ వడ్డించడానికి వెళ్లాను. కెమెరా కనబడగానే బంతిలో తువ్వాళ్లు, కొంగులు ముఖాల మీదికి వచ్చాయి. మా ఆయన గిన్నెలనూ చేతులనూ మాత్రమే తీస్తూ వచ్చి జోయల్ ముందు ఆగాడు. జోయల్ ఒక్కడే ముఖం కప్పుకోలేదు.

"నన్ను తియ్యి అన్నా. పేరు గూడ చెప్త. ఇంక పోయేదేమున్నది?"

ఆ గొంతులో కోపం ఉన్నా బాగుండేది. మా ఆయన కెమెరా ఆపి నా చేతికిచ్చి, జోయల్ పక్కన ఇరుకులో విస్తరి లేకుండానే కూర్చున్నాడు. జోయల్ అటు చూడలేదు.

అంతలో జీపు దిగిన పోలీసు ఒకడు చిన్న కెమెరా పట్టుకుని బంతి వెంబడి నడుస్తూ వచ్చాడు. అచ్చం మా ఆయనలాగే విస్తరి విస్తరికీ ఆగుతున్నాడు. అందరూ తలలు దించుకున్నారు. ఆ కెమెరా తన ముందుకు రాగానే మా ఆయన తలెత్తాడు.

"జానీ పాషా, సిద్దిపేట. పోయినసారి వీడియో తీసింది నేనే. ఈళ్లతోని పేర్లు చెప్పిచ్చింది గూడ నేనే. నా పేరు గూడ రాసుకోన్రి."

పోలీసు చాలాసేపు ఆయన ముఖం మీదే కెమెరా పెట్టి నిలబడ్డాడు. జోయల్ తన విస్తరిని ఇద్దరి మధ్యకు జరిపాడు.