వంటకని తెచ్చిన గ్యాసు

జాన్‌బాబుకి ఒక జబ్బు ఉంది. పదిమందిలో తల ఎత్తుకోవడం కోసం ఇంట్లోవాళ్ల తల దించేస్తాడు. పోర్టు వర్క్‌షాపులో మెకానిక్కు. చేతిలో పనితనం ఉంది, కాదనం. దాన్ని ఎక్కడ చూపించాలో ఎక్కడ మానాలో మాత్రం అతనికి ఎవరూ నేర్పలేదు.

ఒకసారి బావమరిది వరసయ్యే జ్ఞానదాసు ఇంట్లో ప్రార్థన కూడిక మధ్యలో కరెంటు పోయింది. ఎనభైల్లో కంచరపాలెంలో కరెంటు పోవడం వింతేం కాదు. అందరూ కొవ్వొత్తుల వెలుగులో పాటలు పాడుకుని ఇళ్లకి వెళ్లారు. జాన్‌బాబు మాత్రం గుమ్మంలో నిలబడి, "మా ఇంట్లో కూడిక నాడు సూడండి. సీకటన్న మాటే ఉండదు" అనేశాడు. అన్నాక చెయ్యకపోతే పరువు పోదూ? ఓడ సామాన్లు అమ్మే కొట్లో ఒక పాత జనరేటర్ కొన్నాడు. అది పెట్రోలు తాగే తాగుడు చూసి భయపడి, వంట గ్యాసు మీద నడిపిస్తానని కూర్చున్నాడు.

గ్యాసు ఎక్కడిది? ఆ రోజుల్లో సిలిండర్ బుక్ చేసి, బండి ఎప్పుడొస్తుందా అని వీధి చివరికి చూడటమే. వాళ్లింట్లో ఉన్న ఒక్కటీ అయిపోయింది. కూడికకి వచ్చేవాళ్లకి వంట ఎలాగని అతని భార్య ఫ్లోరెన్స్ దిగులుపడి, పక్కింటి కాంతం గారిని అడిగింది. కాంతం గారిది తణుకు వైపు. భర్తకి స్టీలు ప్లాంటులో పని దొరికితే వచ్చి ఆ వీధిలో అద్దెకి దిగారు. వాళ్లకి రెండు సిలిండర్లు. పురిటికొచ్చిన కూతురు, చంటిపిల్ల ఇంట్లో ఉన్నా ఆవిడ వెనకాడలేదు.

"పట్టుకెళ్లండి, దానికేముందండీ" అని నిండుదే ఇచ్చింది.

ఆ వీధిలో ఒక పద్ధతి ఉంది. సిలిండర్ పుచ్చుకున్నవాళ్లు తమది రాగానే ఇచ్చెయ్యాలి. ఇచ్చినవాళ్లు నోరు తెరిచి అడగకూడదు. అడిగితే ఎదుటివాళ్లని పరాయివాళ్లని చేసినట్టే.

కూడిక రోజు మధ్యాహ్నం ఫ్లోరెన్స్ తను పాఠాలు చెప్పే స్కూలు నుంచి వచ్చేసరికి వంటింట్లో సిలిండర్ లేదు. పెరట్లో గోడ వారగా ఉంది. జనరేటర్ కార్బొరేటర్ మూతి దగ్గర బెజ్జం పెట్టి, ఇత్తడి గొట్టం దూర్చి, దానికీ సిలిండర్‌కీ రబ్బరు ట్యూబు బిగించాడు జాన్‌బాబు. పక్కన కొబ్బరి చిప్పలో సబ్బు నురగ. అతుకుల మీద అది పూసి, బుడగలు లేస్తాయేమోనని వంగి చూస్తున్నాడు.

"ఏటండీ ఇది? వంటకని కదా నాను అడిగి తెచ్చాను."

"కట్టెల మీద వంట సెయ్యొచ్చు. కట్టెల మీద లైట్లు ఎలుగుతాయేటి?"

"కాంతం గారికి ఏటని సెప్పను?"

"ఆవిడేటీ అనుకోదు. నాకొదిలేయ్."

తాడు లాగాడు. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. అతని మొహం వెలిగిపోయింది. ఫ్లోరెన్స్ అప్పుడే గట్టిగా అడ్డుపడవలసింది. చుట్టాలొచ్చే వేళ గొడవెందుకని నోరు మూసుకుని కట్టెలు రాజేసింది. మూసుకున్నందుకు సాయంత్రందాకా తనని తానే తిట్టుకుంది.

పాస్టరు గారు వాక్యం చెప్పడం మొదలుపెట్టగానే కరెంటు పోయింది. జాన్‌బాబు పెరట్లోకి పరిగెత్తాడు. వీధి వీధంతా చీకట్లో ఉంటే వాళ్ల ఒక్క ఇంట్లో ట్యూబులైట్లు వెలిగాయి.

"సామాన్యుడివి కాదు బావా" అన్నాడు జ్ఞానదాసు. జాన్‌బాబు కాలరు సర్దుకున్నాడు.

ఫ్లోరెన్స్ పళ్లేల కోసం పెరట్లోకి వెళ్లింది. తమ బల్బు వెలుతురు గోడ దాటి కాంతం గారి పెరట్లో పడుతోంది. అక్కడంతా పొగ. కాంతం గారు రంపప్పొట్టు పొయ్యి ముందు కూర్చుని, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఊదుతోంది. వంటింటి గుమ్మం బయట ఖాళీ సిలిండర్ నిలబెట్టి ఉంది. ఆవిడ కూతురు తాయారు, పొగ తగలకుండా చంటిపిల్ల మొహం మీద తువాలు కప్పి అటూ ఇటూ తిరుగుతోంది. తువాలు కింద పిల్ల దగ్గుతోంది.

ఫ్లోరెన్స్‌కి ఒళ్లంతా సిగ్గుతో మండింది. లోపల అందరూ కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నారు. ఆవిడ వంగి సిలిండర్ కట్టేసింది. ఇంజను ఆగింది. ఇల్లు చీకటైపోయింది.

జాన్‌బాబు తడుముకుంటూ వచ్చాడు. "గ్యాసు అయిపోనాదేటి?"

"లేదు. నాను కట్టేశాను. ట్యూబు ఇప్పండి."

అతను ఏదో అనబోయాడు. గోడవతల చంటిపిల్ల మళ్లీ దగ్గింది. అతను ట్యూబు విప్పి, సిలిండర్ భుజానికెత్తుకుని ఆవిడ వెనక నడిచాడు.

"అప్పుడే వంటైపోయిందాండీ?" అంది కాంతం గారు పొయ్యి దగ్గరనుంచి లేస్తూ.

ఆ మాట పట్టుకుని అవునంటే సరిపోయేది. ఫ్లోరెన్స్ అనలేకపోయింది. "వంటకి వాడలేదండీ. లైట్లకి వాడుకున్నాం. వంటని చెప్పి మీ దగ్గర తెచ్చాను. నన్ను క్షమించండి."

కాంతం గారు మెల్లగా అంది. "తెలుసండి. గొట్టం కారుతుందేమో చూడాలి, కాస్త సబ్బు నురగ కావాలని మీ ఆయన అడిగారు. చిప్పలో కలిపిచ్చింది నేనేనండి."

ఫ్లోరెన్స్ భర్త వైపు తిరిగింది.

"మా గ్యాసు అప్పటికే అయిపోయిందండీ. అడిగితే మీరు చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నాను" అంది కాంతం గారు. "మీ ప్రార్థన ఇంకా అవ్వలేదు కదండీ. అయ్యేదాకా ఉంచుకోండి, రేపిద్దురుగాని."

జాన్‌బాబు సిలిండర్ వాళ్ల వంటింటి గుమ్మంలో దించాడు. చీకట్లో ఎవరి మొహం ఎవరికీ కనిపించడం లేదు. అయినా అతను తల ఎత్తలేదు.